ఇంట్లో పోస్టాఫీసు పెట్టేముందు

సూర్యాపేటలో బడి, కోదాడలో బట్టల కొట్టు, మిర్యాలగూడలో బియ్యం మిల్లు - ఏది నడిపినా ఇప్పుడు దానికో వెబ్‌సైటు ఉండి తీరాలి. సైటు వెలిసిన మర్నాడే రెండో కోరిక పుడుతుంది. ఊరందరికీ ఉన్న జీమెయిల్ చిరునామాయే మనకూ ఏమిటి, చిరునామాలో మన మిల్లు పేరే ఉండరాదా అని. ఇంట్లో ఇంజనీరింగు చదివే కుర్రాడుంటే, "దానికేముంది బాబాయ్, సాఫ్ట్‌వేరు ఉచితమే, మెయిల్ సర్వరు మనమే పెట్టుకుందాం" అంటాడు. వాడన్నది అబద్ధం కాదు. కాని బర్రె ఊరికే వచ్చినా కుడితీ గడ్డీ మనమే చూసుకోవాలి గదా!

పోస్టాఫీసులో లాగే ఇందులోనూ పనులు రెండు. ఉత్తరాన్ని ఊళ్ళు దాటించడం ఒకటి. వచ్చిన ఉత్తరాన్ని భద్రపరచి, అడిగినప్పుడు అందించడం రెండోది. రెండో పనికి ఎక్కువమంది వాడేది డవ్‌కాట్. ఫిన్లండుకు చెందిన టిమో సిరాయినెన్ 2002లో దీన్ని విడుదల చేశాడు. దీని విషయంలో పెద్దగా తర్జనభర్జన అక్కర్లేదు. మొదటి పనికే పోటీ ఎక్కువ.

అమెరికాలో బర్క్లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్మన్ రాసిన సెండ్‌మెయిల్ చాలాకాలం ఇంటర్నెట్టు తపాలాను ఏలింది. గుమాస్తా ఒక్కడే, తాళాలన్నీ అతని మొలలోనే - అలాంటి కచేరీ అది. 1988 నవంబరులో రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన "పురుగు" వేలాది కంప్యూటర్లను పడుకోబెట్టినప్పుడు, అది దూరిన కన్నాలలో సెండ్‌మెయిల్‌ది ఒకటి. ఆ తరువాత వచ్చినవాటిలో పోస్ట్‌ఫిక్స్ కట్టుబాటే నాకు నచ్చుతుంది. ఐ.బి.ఎం. పరిశోధనశాలలో పనిచేసిన వీట్సే వెనెమా అనే డచ్చి శాస్త్రజ్ఞుడు 1998లో దీన్ని లోకానికిచ్చాడు. ఇందులో కిటికీ దగ్గర ఉత్తరం పుచ్చుకునేవాడు వేరు, కట్టలు కట్టేవాడు వేరు, మోసుకుపోయేవాడు వేరు. ఎవరి తాళం వారిదే. దొంగ ఒకణ్ణి లొంగదీసుకున్నా కచేరీ అంతా దోచుకుపోవడం కష్టం. కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టిన ఎక్సిమ్ కూడా సమర్థురాలే, ఎలా వంచితే అలా వంగుతుంది. కాని 2019 జూన్‌లో అందులో ఒక లోపం బయటపడ్డ కొద్ది రోజులకే దుండగులు సర్వర్లమీద పడ్డారు. ఏది పెట్టుకున్నా, కొత్త కూర్పు వచ్చిన రోజే మార్చే మనిషి ఇంట్లో ఉండాలి. కుర్రాడు చదువు ముగించి హైదరాబాదు వెళ్ళిపోతే ఆ పని ఎవరిది?

కరెంటు పోతే ఉత్తరాలు పోతాయేమోనని చాలామంది భయం. ఆ బెంగ అక్కర్లేదు. అవతలి సర్వరు వెంటనే చేతులెత్తేయదు, మళ్ళీ మళ్ళీ తలుపు తడుతుంది. పోస్ట్‌ఫిక్స్ ఐతే మామూలుగా 5 రోజులు ప్రయత్నిస్తుంది.

అసలు చిక్కు రావడంలో లేదు, పోవడంలో ఉంది. మీ ఉత్తరం పుచ్చుకునే పెద్ద కంపెనీ మీ సాఫ్ట్‌వేరు పేరు అడగదు, మీ పరువెంతో చూస్తుంది. ఇంటి బ్రాడ్‌బాండుకిచ్చే ఐ.పి. నంబరు తరచు మారుతుంది. నిన్న అది ఎవరి చేతిలో ఉండి ఏ వెధవ పని చేసిందో మనకు తెలియదు. అలాంటి నంబర్లనుంచి నేరుగా వచ్చే ఉత్తరాలను నమ్మవద్దని స్పామ్‌హౌస్ వంటి సంస్థలు జాబితాలే కట్టి ఉంచాయి. పైగా సర్వరునుంచి సర్వరుకు ఉత్తరాలు వెళ్ళే 25వ నంబరు ద్వారాన్ని చాలా కంపెనీలు ఇళ్ళకు మూసే ఉంచుతాయి. 2024 ఫిబ్రవరినుంచి గూగుల్, యాహూ నిబంధనలు ఇంకా బిగించాయి. ఉత్తరం మీ సర్వరుదేనని చెప్పే ఎస్.పి.ఎఫ్., దారిలో ఎవరూ దిద్దలేదని చెప్పే డి.కె.ఐ.ఎం. ముద్ర, ఈ పరీక్షల్లో తప్పితే ఏంచెయ్యాలో చెప్పే డిమార్క్ - ఈ మూడూ మీ డొమైను పేరు కింద రాసి ఉంటేనే మర్యాద.

మిర్యాలగూడ మిల్లునే తీసుకోండి. దూరదేశం వర్తకుడు ధర అడిగాడు. యజమాని ఆ సాయంత్రమే జవాబు రాశాడు. అది వర్తకుడి స్పామ్ పెట్టెలో పడింది. జవాబు రాలేదనుకుని అతను పక్క మిల్లుకు పోయాడు. పంపినవాడికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు! తిరిగివచ్చిన ఉత్తరమైతే కనీసం చేతికి తగులుతుంది. ఇది అలా కూడా కాదు.

అందుచేత నా సలహా మధ్యేమార్గం. మారని నంబరున్న చిన్న సర్వరు ఒకటి అద్దెకు తీసుకుని, వచ్చే ఉత్తరాలను పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్లతో మీరే పుచ్చుకోండి. పోయేవాటిని మాత్రం పరువున్న పంపకం సంస్థ ఒకదాని చేతికివ్వండి. పోస్ట్‌ఫిక్స్‌లో దీనికి కావలసిన సదుపాయం ఉంది. పిల్లల మార్కులు, ఇళ్ళ సంగతులు రాసుకునే సూర్యాపేట బడికి ఈ ఏర్పాటు తగును, చూసే మనిషంటూ ఉంటే. కోదాడ కొట్టుకు ఇదీ వద్దు. సొంత డొమైను కొని, పెట్టెను జోహో వంటి వారి దగ్గర అద్దెకు పెట్టుకుంటే సరి. డొమైను పేరు మీదైతే రేపు పెట్టె మార్చినా చిరునామా మారదు.

తెలుగు మేస్టారుగా ఒక మాట. చిరునామాలో తెలుగక్షరాలే వాడవచ్చు. మనకు ".భారత్" అనే తెలుగు డొమైను ఉంది, పోస్ట్‌ఫిక్స్ 2015నుంచి అలాంటి చిరునామాలను మోస్తూనే ఉంది. కాని తెలుగక్షరం చూడగానే "తప్పు చిరునామా" అనే ఫారాలు ఇంకా కొల్లలు. కనుక బియ్యం సంచులమీద తెలుగుదీ, దాని కింద ఇంగ్లీషుదీ రెండూ అచ్చువెయ్యండి.

అన్నీ అమర్చాక కొత్త చిరునామానుంచి ఒక జీమెయిల్‌కు ఉత్తరం రాసి, అక్కడ దాని అసలు రూపం తెరిచి చూడండి. ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్ మూడింటి పక్కనా "పాస్" అని కనిపించేదాకా కొత్త విజిటింగు కార్డులు అచ్చుకివ్వకండి.