మౌస్ కదలకుండా బాణం కదులుతుందా?

పాత మౌస్‌ను ఎప్పుడైనా వెల్లకిలా తిప్పి చూశారా? దాని పొట్ట కింద ఒక బంతి ఉండేది. మౌస్‌ను బల్లమీద జరిపితే అది దొర్లేది. అదే బంతిని పైకి తెచ్చి, మన వేళ్లతోనే దొర్లిస్తే? అదే ట్రాక్‌బాల్! పెట్టె ఉన్నచోటే ఉంటుంది, తెరమీద బాణం పరుగెడుతుంది. ఇరుకు బల్లమీద ఎంత హాయో!

మరి బంతి ఎటు దొర్లిందో ఎలా తెలుస్తుంది? చాలావాటిలో బంతినిండా, నువ్వులుండ మీద నువ్వుల్లా, సన్నటి చుక్కలుంటాయి. లోపల చిన్న దీపం, బుల్లి కెమెరా. కెమెరా టకటకా ఫొటోలు తీస్తూ ‘ఇందాకటి చుక్క ఇటు జరిగింది’ అని లెక్కగడుతుంది. ఇక్కడో తిరకాసు: బంతి పైభాగం కుడికి వెళ్తే, అడుగుభాగం ఎడమకు వెళ్తుంది! దాన్ని యంత్రమే సరిచేసుకుంటుంది.

మౌస్ తొలి నమూనా 1964లో వచ్చింది. ట్రాక్‌బాల్ వయసులో అంతకంటే పెద్దది. 1952లో కెనడా నౌకాదళం కోసం ఇంజినీర్లు ఒకటి తయారుచేశారు. అందులో పెట్టిందేమిటో తెలుసా? బౌలింగ్ ఆట బంతి!

బంతి సాధారణంగా మూడు చిన్న పూసలమీద కూర్చుంటుంది, మూడు రాళ్ల పొయ్యిమీద కుండలాగా. అది మొరాయిస్తే బయటికి తీసి చూడండి, పూసలచుట్టూ బూడిదరంగు జిడ్డు కనిపిస్తుంది. మన వేళ్లదే! మెత్తటి గుడ్డతో తుడిస్తే మళ్లీ జర్రున తిరుగుతుంది.