వార్తల్లో పదం: కృత్రిమ రీఫ్

చేపలు చేరడానికి, పెరగడానికి సముద్రం అడుగున మనుషులు ఏర్పాటుచేసే ఆవాసమే కృత్రిమ రీఫ్. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద తీర రాష్ట్రాల్లో వీటిని దించుతుండడంతో ఈ మాట తరచూ వినిపిస్తోంది. 2023 నాటికి 10 తీర రాష్ట్రాలకు 732 యూనిట్లు మంజూరయ్యాయి. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది.

ఇసుక, బురద నేల మీద చేపకు దాక్కునే చోటుండదు. అక్కడికి త్రికోణాలుగా, బావి వరలుగా పోతపోసిన కాంక్రీటు దిమ్మెలను దించుతారు. వాటిని గుల్లలు, నాచు పట్టుకుంటాయి. ఆ మేత కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి వస్తాయి.

అయితే ఇవి చేపల్ని పెంచుతున్నాయా, చుట్టుపక్కలవాటినే ఒకచోటికి లాగుతున్నాయా? శాస్త్రవేత్తల్లో ఇది పాత వాదం. రెండోదే నిజమైతే, వేట తేలికై చేపలు ఇంకా తరుగుతాయి.

అడుగును ఊడ్చే ట్రాలర్ వలలు దిమ్మెలకు తగిలి చిరుగుతాయి. చిన్న పడవలవాళ్లకు అది రక్షణ, ట్రాలర్లకు నష్టం.

దేనితో కట్టారన్నది మరీ ముఖ్యం. 1970ల్లో అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో సుమారు 20 లక్షల పాత టైర్లతో ఆస్బోర్న్ రీఫ్ కట్టారు. కట్లు తెగి, టైర్లు కొట్టుకుపోయి సహజ పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి. వాటిని పైకి తీసే పని ఏళ్ల తరబడి సాగింది.