పక్షవాత నివారణలో బి విటమిన్ల పాత్ర ఎంత?

తెలుగులో పక్షవాతం, మరాఠీలో అర్ధాంగవాయు. రెండు పేర్లలోనూ గాలి ఉన్నప్పటికీ ఈ వ్యాధి గాలి సోకడం వల్ల రాదు. మెదడుకు రక్తం చేర్చే నాళం పూడుకుపోయినప్పుడు గాని, చిట్లినప్పుడు గాని వస్తుంది. దీనికి ప్రధాన కారణం అధిక రక్తపోటు. మధుమేహం, పొగాకు ఆ ముప్పును మరింత పెంచుతాయి.

ఇందులో బి విటమిన్ల ప్రసక్తి హోమోసిస్టీన్ అనే పదార్థం వల్ల కలిగింది. ఫోలిక్ ఆమ్లం, బి12, బి6 తగినంతగా లేనప్పుడు అది రక్తంలో పేరుకుపోతుంది. అది అధికంగా ఉన్నవారిలో పక్షవాతం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ మూడింటిలో ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో కృత్రిమంగా తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ పరిశోధక బృందానికి సారథి భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు.

అయితే విటమిన్ మాత్రలు పక్షవాతాన్ని ఆపగలవా? 2015లో వెలువడిన చైనా అధ్యయనంలో రక్తపోటు ఉన్న 20,702 మంది పాల్గొన్నారు. సుమారు నాలుగున్నరేళ్లలో రక్తపోటు మందు మాత్రమే వాడినవారిలో వెయ్యికి 34 మందికి, దానితోపాటు ఫోలిక్ ఆమ్లం కూడా తీసుకున్నవారిలో 27 మందికి పక్షవాతం వచ్చింది. కాని అప్పటికే ఒకసారి పక్షవాతం వచ్చినవారిపై అమెరికా, కెనడా, స్కాట్లాండ్‌లలో జరిపి 2004లో ప్రకటించిన అధ్యయనంలో అధిక మోతాదు బి విటమిన్ల వల్ల రెండేళ్లలో అటువంటి మేలు కనబడలేదు. లోపం ఉన్నచోట దాన్ని సరిదిద్దడం మంచిదే. రక్తపోటు మందు మాని విటమిన్ మాత్రలను నమ్ముకోవడం మాత్రం ప్రమాదకరం.

ఫోలిక్ ఆమ్లం వర్గపు విటమిన్ పాలకూర, తోటకూర, శనగలు, పప్పుల్లో లభిస్తుంది. బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా అందుతుంది. శాకాహారులకు, వృద్ధులకు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారికి ఇది కొరవడవచ్చు. బి12 లోపాన్ని గుర్తించక ఫోలిక్ ఆమ్లం ఒక్కటే వాడితే రక్తహీనత తగ్గినట్లు కనిపిస్తుంది గాని నరాల నష్టం లోలోపల కొనసాగుతుంది. అందువల్ల వైద్యుని సలహాతో రక్తపరీక్ష చేయించుకున్న తరువాతే మాత్రలు వాడాలి.

మూతి వంకరపోవడం, ఒక చేయి పట్టు తప్పడం, మాట తడబడటం హఠాత్తుగా కనిపిస్తే నాటువైద్యంతో కాలయాపన చేయరాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. లక్షణాలు మొదలైన సమయాన్ని గుర్తుంచుకుని వైద్యునికి చెప్పాలి. నాళంలోని గడ్డను కరిగించే మందును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇస్తారు.