మోకాలు పోయాక మథియాస్ సామర్ చేసిన ఉద్యోగాలు

పోయిన ఎపిసోడ్‌లో జర్మనీ టీమ్ గురించి మాట్లాడుతూ "స్పోర్టింగ్ డైరెక్టర్" అనే మాట నాలుగైదుసార్లు వాడేశాను. ఆ రాత్రే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. స్టీల్ ఫిక్సర్, ఇక్కడే దోహాలో, సనయ్యా క్యాంపులో ఉంటాడు. "అన్నా, ఆడేటోడు తెలుసు, కోచ్ తెలుసు. ఈ డైరెక్టర్ ఎవడు మధ్యలో? బంతి తన్నడు, ఆట నేర్పడు, మరి జీతం దేనికి?" అని అడిగాడు. చివర్లో ఇంకో ముక్క: "నాకు మోకాళ్ళు గుంజుతున్నయ్. ఇంకో రెండేండ్లు చేస్తనేమో. తర్వాత నేను గూడ డైరెక్టర్ అయితే మంచిగుండు."

నవ్వుకుంటూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. నేను పదకొండేళ్ళు స్కాఫోల్డింగ్ చేసి, నడుము పట్టేశాక స్టోర్‌లోకి వచ్చినవాణ్ణి. అందుకే ఈ వారం మథియాస్ సామర్ కథ చెప్పాను. ఎపిసోడ్ వినడానికి టైమ్ దొరకనివాళ్ళ కోసం అదే ఇక్కడ రాస్తున్నా. (జర్మన్లు "జామర్" అని పలుకుతారట. టీవీలో విన్నట్టు మనం సామర్ అనే అందాం.)

సామర్ 1967లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. అది అప్పట్లో తూర్పు జర్మనీ. జర్మనీ రెండు దేశాలుగా ఉండేదని, మధ్యలో గోడ ఉండేదని తెలియని పిల్లలు ఇప్పుడు మన రూముల్లో చాలామందే ఉన్నారు కాబట్టి చెప్తున్నా. తూర్పువాళ్ళు పడమటికి పోయి ఆడటం కుదరదు. వాళ్ళ నాన్న క్లౌస్ సామర్ కూడా ఆటగాడే, తర్వాత డైనమో డ్రెస్డెన్ కోచ్. కొడుకు 1985లో పెద్ద టీమ్‌లో మొదటిసారి ఆడింది నాన్న కోచ్‌గా ఉన్నప్పుడే. 1989, 1990 రెండేళ్ళూ డ్రెస్డెన్ తూర్పు జర్మనీ లీగ్ గెలిచింది. ఈలోగా 1989 నవంబరులో గోడ కూలింది. మర్నాటి నుంచే పడమటి క్లబ్బుల కళ్ళు తూర్పు ఆటగాళ్ళ మీద పడ్డాయి. 1990లో సామర్ స్టుట్‌గార్ట్ వెళ్ళాడు.

ఆ ఏడాది సెప్టెంబరు 12న బ్రస్సెల్స్‌లో బెల్జియంతో ఒక మ్యాచ్. తూర్పు జర్మనీకి అదే చివరి మ్యాచ్ అని ముందే అందరికీ తెలుసు. మూడు వారాల్లో, అక్టోబరు 3న, ఆ దేశమే ఉండదు. నిజానికి అది యూరో క్వాలిఫయింగ్ మ్యాచ్ కావాల్సింది, దేశాలు కలిసిపోతున్నాయని ఫ్రెండ్లీగా మార్చేశారు. గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. కొత్త క్లబ్బుల్లో కుదురుకునే పనిలో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ రామన్నారు. చివరికి విమానం ఎక్కింది పద్నాలుగు మంది. కెప్టెన్ సామర్. 2-0తో గెలిచారు. ఆ రెండు గోల్సూ అతనివే. లేకుండా పోతున్న దేశం కోసం చివరి గోల్ కొట్టినవాడు అతనే అన్నమాట. ఆ డిసెంబరులోనే స్విట్జర్లాండ్ మీద ఒక్కటైన జర్మనీ మొదటి మ్యాచ్ ఆడితే, అందులోనూ ఉన్నాడు.

స్టుట్‌గార్ట్‌తో 1992లో లీగ్ గెలిచాడు. అక్కణ్ణుంచి ఇటలీ, ఇంటర్ మిలాన్. పెద్ద క్లబ్, పెద్ద డబ్బు. ఆరు నెలలు ఉన్నాడంతే. 1993 జనవరికల్లా తిరిగి జర్మనీ వచ్చి బొరుసియా డోర్ట్‌మండ్‌లో చేరాడు. గోల్స్ కొట్టలేదా అంటే కొట్టాడు. ఆ ఊళ్ళో బతుకు కుదరలేదు. కంపెనీ మంచిదే, జీతం టైముకి పడుతుంది, అయినా ఆరు నెలలకే "నా వల్ల కాదు, పోతా" అన్న మనోళ్ళని మీరూ చూసే ఉంటారు. ఊళ్ళో వాళ్ళని చేతకానివాళ్ళంటారు. సామర్‌ని ఎవరూ ఏమీ అనలేకపోయారు, ఎందుకంటే తర్వాతి నాలుగేళ్ళు అలాంటివి.

అసలు విషయం ఇక్కడుంది. అప్పటిదాకా అతను మిడ్‌ఫీల్డర్, పరిగెత్తే ఆట. డోర్ట్‌మండ్ కోచ్ ఒట్మార్ హిట్స్‌ఫెల్డ్ అతన్ని వెనక్కి జరిపి లిబెరోగా పెట్టాడు. లిబెరో ఇటాలియన్ మాట, స్వేచ్ఛగా ఉన్నవాడని అర్థం. ఆ రోజుల్లో ఒక్కో డిఫెండర్‌కీ ఎదుటి టీమ్‌లో ఒకడు బాకీ ఉండేవాడు, వాడెటు పోతే అటు పోవాలి. లిబెరోకి మాత్రం ఎవడూ బాకీ ఉండడు. అందరి వెనకాల నిలబడి మొత్తం మైదానం చూస్తాడు. ఎక్కడ కన్నం పడితే అక్కడ పూడుస్తాడు. సామర్ అంతటితో ఆగేవాడు కాదు, దారి కనిపిస్తే బంతి తీసుకుని తనే ముందుకి దూసుకుపోయేవాడు. ఆ కాస్సేపు వెనక ఖాళీ. గుండె ధైర్యం ఉండాలి, మిగతావాళ్ళకి నోటితో చెప్పి పని చేయించే గొంతూ ఉండాలి. అతనికి రెండోది మరీ ఎక్కువ. మ్యాచ్ అంతా అరుస్తూనే ఉండేవాడు.

ఆ చోటు నుంచే 1995, 1996 లీగ్ టైటిళ్ళు వచ్చాయి. 1996 యూరోలో రష్యా మీద ఒక గోల్, క్వార్టర్ ఫైనల్లో క్రొయేషియా మీద గెలుపు గోల్. వెంబ్లీలో చెక్ రిపబ్లిక్‌ని ఓడించి జర్మనీ కప్పు ఎత్తింది. టోర్నమెంట్‌లో ఉత్తమ ఆటగాడు సామరే. ఆ ఏడాది బాలన్ డోర్ కూడా అతనికే వచ్చింది, బ్రెజిల్ రొనాల్డోకి 143 పాయింట్లు, ఇతనికి 144. ఒక్క పాయింట్. వెనకాల ఆడేవాళ్ళకి ఆ బహుమతి రావడం ఎంత అరుదో చెప్పాలంటే, అంతకుముందు బెకెన్‌బవర్, ఆ తర్వాత 2006లో కన్నవారో, అంతే. 1997 మేలో యువెంటస్‌ని 3-1తో ఓడించి డోర్ట్‌మండ్ ఛాంపియన్స్ లీగ్ గెలిచింది.

అదే ఏడాది మోకాలు పోయింది. ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ వచ్చింది. మళ్ళీ మైదానంలోకి రాలేకపోయాడు. అప్పటికి వయసు ముప్పై.

కోచ్‌గా చేసిన కాలం గురించి ఎక్కువ చెప్పను. 2000లో డోర్ట్‌మండ్ కింది లీగ్‌కి పడిపోయేలా ఉంటే, ముసలి కోచ్ ఉడో లాటెక్‌కి తోడుగా దిగాడు. టీమ్ బతికింది. ఆ వేసవిలో తనే హెడ్ కోచ్. 2002లో మూడు మ్యాచ్‌లు మిగిలి ఉండగా లెవర్‌కూసెన్ ఐదు పాయింట్లు ముందుంది, వాళ్ళు జారారు, డోర్ట్‌మండ్ ఒక్క పాయింట్ తేడాతో లీగ్ గెలిచింది. 34 ఏళ్ళకి బుండెస్‌లీగా గెలిచిన కోచ్ అంతకుముందు లేడు. తర్వాత క్లబ్ డబ్బు కష్టాల్లో పడింది, 2004లో బయటికి వచ్చాడు. స్టుట్‌గార్ట్‌లో ఒక్క సీజన్. మళ్ళీ ఏ టీమ్‌కీ కోచ్‌గా వెళ్ళలేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకి వద్దాం. సైట్‌లో ఫోర్‌మన్ ఉంటాడు. వాడికి ఇవాళ స్లాబ్ పడాలి. ఎవరు వచ్చారు, ఎవరికి జ్వరం, కాంక్రీట్ బండి ఎన్నింటికి, అదే వాడి లోకం. కోచ్ అంటే అదే, శనివారం మ్యాచ్ గెలవాలి, ఓడితే వాడి మెడ మీదికే వస్తుంది. అయితే వచ్చే ఏడాది ఏ పనివాళ్ళు కావాలి, కొత్త వీసాల మీద ఎవర్ని తేవాలి, ఎవర్ని పంపాలి, పిల్లకుర్రాళ్ళకి పని ఎలా నేర్పాలి, అసలు ఈ ఫోర్‌మన్ పనికొస్తాడా, ఇవి ఇంకొకరు చూడాలి. ఫుట్‌బాల్‌లో ఆ ఇంకొకరే స్పోర్టింగ్ డైరెక్టర్. వాడి పని ఇవాళ కనపడదు, మూడు నాలుగేళ్ళకి కనపడుతుంది. అప్పటికి పేరు వేరేవాళ్ళకి పోతుంది కూడా.

2006లో జర్మన్ ఫుట్‌బాల్ సమాఖ్య సామర్‌కి ఆ ఉద్యోగమే ఇచ్చింది. అప్పటి కోచ్ క్లిన్స్‌మన్‌కి ఇతను ఇష్టం లేదు, బెర్న్‌హార్డ్ పీటర్స్ అనే హాకీ కోచ్ కావాలన్నాడు. సమాఖ్య వినలేదు. సామర్ చేతికి వచ్చినవి కుర్రాళ్ళ టీమ్‌లు. 2008లో అండర్-19 యూరో, 2009లో అండర్-17, అండర్-21 యూరోలు, మూడూ జర్మనీ గెలిచింది. అండర్-21 ఫైనల్లో ఇంగ్లాండ్‌ని 4-0తో చిత్తు చేసిన కుర్రాళ్ళలో నోయర్, హమ్మెల్స్, బోటెంగ్, హోవెడెస్, ఖెదీరా, ఓజిల్ ఉన్నారు. ఆ ఆరుగురూ 2014 వరల్డ్ కప్ గెలిచిన టీమ్‌లో కనిపిస్తారు. ఫైనల్లో అర్జెంటీనా మీద గోల్ కొట్టిన గోట్సే 2009 అండర్-17 టీమ్‌లోనివాడు.

ఇదంతా సామర్ ఒక్కడి గొప్ప అని నేను చెప్పను. 2000 యూరోలో పరువు పోయాకే క్లబ్బులన్నీ అకాడమీలు పెట్టాలని నియమం తెచ్చారు, ఆ విత్తనాలు ఇతను రాకముందే పడ్డాయి. నీళ్ళు పోసినవాళ్ళలో ఇతనొకడు. 2014లో కప్పు ఎత్తేనాటికి ఆ ఉద్యోగంలో లేడు కూడా.

ఎందుకంటే 2012లో బాయర్న్ మ్యూనిక్ పిలిచింది. ఆ ఏడాది బాయర్న్ మూడు పోటీల్లోనూ రెండో స్థానమే, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ అయితే సొంత మైదానంలో చెల్సీకి పోగొట్టుకుంది. సామర్ వచ్చిన మొదటి సీజన్లోనే మూడూ గెలిచారు. ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ వెంబ్లీలో, ఎదుట డోర్ట్‌మండ్. తను ఆడిన, కోచ్‌గా చేసిన పాత క్లబ్బే. కోచ్ హైన్‌కెస్, ఆటగాళ్ళు ఆడారు, సరే. మరి సామర్ ఏం చేశాడు? గెలిచినప్పుడు తిట్టేవాడు. 2013 సెప్టెంబరులో హానోవర్ మీద 2-0తో గెలిచాక, మనవాళ్ళు మొక్కుబడిగా డ్యూటీ చేసినట్టు ఆడుతున్నారని బయటే అనేశాడు. క్లబ్ పెద్దలకే కోపం వచ్చింది. నాకైతే అక్కడ పాత లిబెరోనే కనిపిస్తాడు, అందరి వెనకాల నిలబడి అరిచేవాడు.

2016 ఏప్రిల్‌లో మెదడుకి రక్తం సరిగ్గా అందని సమస్య వచ్చింది. కోలుకున్నాడు. క్లబ్ అతని కుర్చీ అలాగే ఉంచింది, అయినా జులైలో తనే తప్పుకున్నాడు. 2018లో డోర్ట్‌మండ్‌కే తిరిగొచ్చాడు, ఈసారి సలహాదారుగా. రోజూ ఆఫీసు లేని పని, అడిగితే చెప్పడమే.

2022 డిసెంబరు 1న ఇక్కడ అల్ ఖోర్‌లో జర్మనీ కోస్టారికాని 4-2తో ఓడించి కూడా గ్రూప్ దశలోనే ఇంటికి పోయింది గుర్తుందా? మన రూములో కేరళ అబ్బాయి ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెప్పమని సమాఖ్య కొందరు పెద్దల్ని కూర్చోబెట్టింది, అందులో సామర్ ఉన్నాడు. వాళ్ళ మధ్య నుంచే రూడీ వోలర్‌ని డైరెక్టర్‌గా పెట్టారు.

ఎపిసోడ్ విని తమ్ముడు మళ్ళీ మెసేజ్ పెట్టాడు. డైరెక్టర్ ఊసు ఎత్తలేదు. "అన్నా, స్టోర్‌ల పనికి కంప్యూటర్ ఎంత రావాలె?" అని అడిగాడు. నాకు వచ్చినంత చాలన్నాను. శుక్రవారం వస్తానన్నాడు. ఆరు గంటలు ఎక్సెల్, తర్వాత మ్యాచ్.