వార్తల్లో పదం: ఫుడ్ నాయిస్

భోంచేసి గంట కాలేదు, ఆకలీ లేదు. అయినా ఫ్రిజ్‌లో మిగిలిన మైసూర్‌పాకు మీదే ధ్యాస. రోజంతా తిండి గురించి మెదడు పెట్టే ఈ రొదే ‘ఫుడ్ నాయిస్’. ఇది జబ్బు పేరు కాదు. సెమాగ్లూటైడ్ వంటి బరువు తగ్గించే ఇంజెక్షన్లు వాడినవారు ఆ రొద సద్దుమణిగిందని చెప్పడంతో ఈ మాట ప్రచారంలోకొచ్చింది. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ అనే ఇలాంటి ఇంజెక్షన్లు విడుదలయ్యాక ఇక్కడా వినిపిస్తోంది. తిన్నాక పేగుల్లో ఊరే జీఎల్‌పీ-1 హార్మోన్‌లా ఈ మందులు పనిచేస్తాయి. మెదడులో ఆకలిని, తినాలన్న యావను నడిపే భాగాలపైనా ప్రభావం చూపుతాయి. ఇంట్లోవాళ్లు జిహ్వచాపల్యమని తీసిపారేసేదాంట్లో హార్మోన్ల పాత్ర ఇంతుందన్నమాట! మందు మానేస్తే మాత్రం చాలామందిలో ఆకలీ, బరువూ తిరిగొస్తున్నాయి.