టర్బో పెట్టిద్దామని వెళ్లా... పిస్టన్ చూసి ఆగిపోయా!

పోయిన డిసెంబర్. అరకు దారిలో అనంతగిరి ఘాట్. కారులో నలుగురం, డిక్కీ నిండా సామాను. ఏసీ ఆపేసినా బండి సెకండ్ గేర్ దాటట్లేదు. వెనక లారీ హారన్ మోత. ‘‘ఎక్కుతుందా నాన్నా ఇది?’’ అని అమ్మ అడిగిన గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

నాన్న నాకిచ్చిన పన్నెండేళ్ల పాత 1.2 లీటర్ పెట్రోల్ కారు అది. ఇంటికొచ్చాక రాత్రంతా వీడియోలు చూశా. పాత కార్లకి టర్బో బిగిస్తున్నారు, స్పీడోమీటర్ ముల్లు ఎగిరి దూకుతోంది. ఇదే మందు అనుకున్నా. దాచుకున్న 90 వేలు ఉన్నాయి. ఒక కిట్ ఆన్‌లైన్‌లో కార్ట్‌లో వేసి, బిగించేది ఎవరో కనుక్కుందామని విజయవాడ ఆటోనగర్‌లో మా మెకానిక్ బాబాయ్ షెడ్డుకి వెళ్లా.

ఆయన ఏమీ అనలేదు. బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్న పిస్టన్ తీసి నా చేతిలో పెట్టాడు. పైభాగం అంచున వేలు దూరేంత కన్నం. ‘‘నీలాంటి కుర్రాడిదేరా. టర్బో పెట్టించి ఇక్కడికి లాక్కొచ్చాడు’’ అన్నాడు.

అసలు టర్బో చేసేదేంటి?

పెట్రోల్ మండాలంటే గాలి కావాలి. ఒక గ్రాము పెట్రోల్‌కి సుమారు 14.7 గ్రాముల గాలి. మామూలు ఇంజిన్ ఈ గాలిని తనే పీల్చుకుంటుంది. టర్బో అయితే సైలెన్సర్ వైపు వృథాగా పోయే వేడి పొగతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీదున్న రెండో చక్రంతో గాలిని లోపలికి నెడుతుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోల్, ఎక్కువ పికప్. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

చిక్కంతా వేడి దగ్గరే. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. దాన్ని సిలిండర్లో పిస్టన్ మళ్లీ నొక్కుతుంది. అప్పుడు పెట్రోల్ పద్ధతిగా మండకుండా ఎక్కడికక్కడ పేలుతుంది. అదే నాకింగ్. ఆ దెబ్బకి పిస్టన్లు కరుగుతాయి, రింగులు విరుగుతాయి.

పెద్ద కంపెనీలకే ఇది తలనొప్పి అయింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ వచ్చింది. టర్బోతో అమ్మిన తొలి కార్లలో అదొకటి. ఇంజిన్ కంప్రెషన్ నిష్పత్తి 10.25. నాకింగ్ ఆపడానికి నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవం పోసుకోవాలి. చాలామంది మర్చిపోయేవారు. అది అయిపోతే బూస్ట్ తగ్గిపోయి కారు డల్లయ్యేది. రెండేళ్లకే ఆ మోడల్ ఆగిపోయింది.

మరి కంపెనీ టర్బోలు?

మారుతి ఫ్రాంక్స్‌నే చూడండి. మామూలు 1.2 లీటర్ ఇంజిన్ సుమారు 90 పీఎస్, 113 ఎన్ఎం ఇస్తుంది. అంతకన్నా చిన్నదైన 1 లీటర్ టర్బో 100 పీఎస్, 148 ఎన్ఎం దాకా ఇస్తుంది. అయితే దాన్ని మొదట్నుంచీ టర్బో కోసమే కట్టారు. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, దానికి తగ్గ ఆయిల్, కూలింగ్ ఏర్పాట్లు, పెట్రోల్ లెక్క చూసుకునే ఈసీయూ అన్నీ ఒకే ప్లాను.

‘‘నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే వస్తువురా అది. దాని ఇరుసు ఆయిల్ పొర మీదే తేలుతుంది. నీ కిట్‌లో ఇవన్నీ ఉన్నాయా?’’ అన్నాడు బాబాయ్. నేను ఫోన్ జేబులో పెట్టేసుకున్నా.

చట్టం కూడా ఊరుకోదు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ప్రమాదం జరిగితే చెప్పకుండా చేసిన మార్పు చూపించి ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉంది.

గేజ్ చెప్పిన నిజం

‘‘ముందు దీని సంగతి చూద్దాం’’ అని బాబాయ్ ప్లగ్గులు విప్పి కంప్రెషన్ గేజ్ పెట్టాడు. 165, 160, 168... నాలుగో సిలిండర్ 115. అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 150కి లేచింది. అంటే రింగులు అరిగిపోయాయి. ఎయిర్ ఫిల్టర్ మట్టితో మూసుకుపోయింది. క్లచ్ జారుతోంది. నా బండికి బలం చాలక కాదు, ఒంట్లో బాగోక ఎక్కలేదన్నమాట! ఈ ఇంజిన్ మీద టర్బో పెట్టి అదే ఘాట్‌కి, అదే నలుగురితో వెళ్లి ఉంటే? ఆలోచిస్తేనే చేతులు చల్లబడ్డాయి.

రింగులు, క్లచ్, ఫిల్టర్, బ్రేక్ ప్యాడ్లు అన్నీ కలిపి 41 వేలైంది. మిగిలిన డబ్బుతో నాలుగు కొత్త టైర్లు వేయించా.

మీ బండికీ పికప్ తగ్గిందనిపిస్తే కిట్లు వెతికే ముందు ఒక్కసారి కంప్రెషన్ టెస్ట్ చేయించండి. పెద్ద ఖర్చేం కాదు. టర్బో మీదే మనసుంటే ఈ కారు అమ్మి, కంపెనీ టర్బో ఉన్నదే కొనుక్కోండి.

గత నెల మళ్లీ అరకు వెళ్లాం. అవే మలుపులు, అదే నలుగురం. బండి థర్డ్ గేర్‌లో హాయిగా ఎక్కింది. పక్కకి తిరిగి అమ్మకి చెబుదామనుకున్నా. అప్పటికే ఆవిడ నిద్రపోయింది.