ప్రేమయు స్థాయిత్వమును

ప్రియశబ్దముపై భావార్థమున నిమనిచ్ప్రత్యయము చేరఁగా ‘ప్రేమ’ సిద్ధించును. ఆ ప్రత్యయము పరమగునపుడు ప్రియశబ్దమునకు ‘ప్ర’ యాదేశమగునని పాణిని షష్ఠాధ్యాయమున విధించెను. మూలమైన ప్రీధాతువునకుఁ దృప్తిపఱచుట, కోరుట యని రెండర్థములు. ఇచ్చుటయుఁ గోరుటయు నొక్క ధాతువునందే యిమిడియుండుట గమనింపఁదగినది. లోకమునఁ గోరికయే ప్రేమ యని వ్యవహారము; కవులు రెండవ యర్థమునుగూడ మఱవలేదు.

ఆలంకారికులు రతిని శృంగారమునకు స్థాయిగాఁ జెప్పిరి. విరుద్ధములైనను అవిరుద్ధములైనను ఇతరభావములచేతఁ దెగిపోక, వానినెల్లఁ దనవలెఁ జేసికొనునదే స్థాయి యని దశరూపకమున ధనంజయుని మతము. అందులకు దృష్టాంతము లవణాకరము. ఆ శబ్దమునకు ఉప్పుగని యని కొందఱు, సముద్రమని కొందఱు చెప్పుదురు. ఏదైనను, అందుఁ బడినది ఉప్పగును. పాఠశాలలలో నీ లక్షణమునకు దుష్యంతుని చెప్పి విడుచుట పరిపాటి. గోదావరి మొదలు మానేరువఱకుఁ గల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల సీమలో దీనికి మఱింత దగ్గఱి యుదాహరణములు గలవు. లేమి, వియోగము, మరణము ప్రేమకు విరుద్ధములు. అవి మీఁదఁ బడినపుడు వానినే పాటగా మార్చుకొనిన ప్రేమ యిచటి వాఙ్మయమునఁ గానవచ్చును.

జగిత్యాల మండలమున గోదావరి యొడ్డున ధర్మపురి నరసింహక్షేత్రము గలదు. ఆ స్వామికి శేషప్పకవి సీసపద్యములతో నరసింహశతకమును సమర్పించెను. తెలుగు పిల్లలు తరతరములుగా దానిని వల్లించుచున్నారు. తన పద్యములలో లక్షణదోషములున్నను భక్తికిఁ గొఱఁత లేదనియు, చెఱకుగడ వంకరయైనంత మాత్రమునఁ దీపి చెడదనియుఁ గవి మొదటనే చెప్పుకొనెను. లక్షణము చదివినవారికి ఈ మాట వెంటనే రుచింపదు. కాని లక్షణశుద్ధిగల శతకములు పెక్కులు తాటాకులలోనే యుండిపోఁగా, నీ శతకము నోళ్లలో నిలిచినది. దీనికి సమాధానము చెప్పవలసినవారు లాక్షణికులే.

దేవతావిషయమైన రతి భావమే కాని రసము కాదని మమ్మటుఁడు నిర్ణయించెను. రూపగోస్వామియు మధుసూదనసరస్వతియు భక్తికి రసత్వము నంగీకరించిరి. శేషప్పను జదివినవారికి రెండవపక్షమే బలమైనదిగాఁ దోఁచును. అతఁడు స్వామిని గొనియాడును, నిలదీయును, చనువుగా దెప్పును. పరులతో నెవరు నిట్లు మాటలాడరు. అంత్యకాలమునఁ గఫవాతములు గొంతు నడ్డగింపఁగా నామస్మరణ మఱతునేమో యను భయముతో, నోరాడుచుండఁగనే యిపుడే భజింతునని చెప్పిన పద్యము శతకమునకెల్ల శిఖరము. అందు మరణభయము భక్తిని తెంపలేదు. ఆ పద్యమునకుఁ గారణమైనది. ధనంజయుని లక్షణమునకు ఇంతకంటె లక్ష్యమేల?

ధర్మపురి కవిది దైవముమీఁది ప్రేమ. సిరిసిల్ల సీమలోని హనుమాజీపేటలో 1931 జూలై 29న జన్మించిన సి. నారాయణరెడ్డి స్త్రీపురుషుల ప్రేమను గథావస్తువుగాఁ గొనెను. బాల్యమున నతఁడు చదివినది ఉర్దూ మాధ్యమమున. తెలుఁగు నుడికారము నతనికి ముందుగా నందించినవి ఊరి హరికథలు, యక్షగానములు, జానపదుల పాటలు. 1957లో వెలువడిన అతని గేయకావ్యము ‘కర్పూర వసంతరాయలు’ లోని లయకు ఆ వినికిడియే పునాది.

ఆ కావ్యమునకు నాయకుఁడు 1386 మొదలు 1402 వఱకుఁ గొండవీటి నేలిన కుమారగిరిరెడ్డి. ఏఁటేఁట వసంతోత్సవములఁ గర్పూరము వెదచల్లించుటచే నతనికి ఆ బిరుదు వచ్చినది. ఆ యుత్సవములకు సుగంధద్రవ్యములఁ దెప్పించిన వర్తకుఁడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుఁడు హరవిలాసమును అంకితమిచ్చినది అతనికే. రాజు స్వయముగా వసంతరాజీయమను నాట్యగ్రంథమును రచించెను. అతని బావమఱఁది, మంత్రి యగు కాటయవేముఁడు కాళిదాసుని మూఁడు నాటకములకు వ్యాఖ్య రచించి, దానికి రాజుపేరనే కుమారగిరిరాజీయమని పేరిడెను. ఆ వ్యాఖ్యయందొక శ్లోకమున రాజసభలో లకుమాదేవి నాట్యార్థములను వేయివిధముల నభినయించినట్లు చెప్పఁబడినది. ఆమె రాజునకుఁ బ్రియురాలనియు నందే కలదు.

లకుమనుగూర్చిన సమకాలిక సాక్ష్యములలోఁ బ్రధానమైనది ఈ శ్లోకమే. రాజ్యమునైనఁ బెదకోమటివేముఁడు కైకొనెను. వసంతరాజీయము వ్యాఖ్యలలోని ప్రస్తావనలవలననే తెలియుచున్నది. సింహాసనము, శాస్త్రము, నర్తకి పాదవిన్యాసము, మూఁడును బోయినవి. ప్రియురాలి యభినయమును దలఁచిన నాలుగు పాదములు మాత్రము మిగిలి, 555 ఏండ్ల తరువాత మానేటి సీమ కవికి కావ్యబీజమైనవి. కావ్యమున లకుమ, రాజును ధర్మమునకు మరల్చుటకై తుదకుఁ బ్రాణమునే యర్పించును. ఈ ముగింపు చరిత్రముకాదు, కల్పన. అయినను ప్రీధాతువునందలి కోరుటను రాజునకును, ఇచ్చుటను లకుమకును బంచిపెట్టిన కల్పన. రాజుపాత్రము లకుమ యెదుటఁ గొంత చిన్నదైనదన్న యాక్షేపము రావచ్చును. అది కథాగతియే కాని కవిలోపము కాదు.

గ్రంథస్థకవితను విడిచి స్త్రీల పాటలకు వచ్చిన, అష్టవిధనాయికలలోఁ బ్రోషితభర్తృక యీ సీమలో నింటింటఁ గలదు. మగ్గపుఁబనికై సిరిసిల్లవారు భివండికి, షోలాపురమునకుఁ బోయిరి. 1970ల తరువాత జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల పురుషులు గల్ఫుదేశములకు వలసపోవుట పెరిగినది. ఇంటనున్న స్త్రీలలో ననేకులు బీడీలు చుట్టి సంసారము నడపిరి. అలంకారగ్రంథములలోని ప్రోషితభర్తృక దినములు లెక్కించును. ఈమె దినములతోఁబాటు బీడీకట్టలనుగూడ లెక్కించును.

బతుకమ్మ పండుగనాఁడు వీరందఱు నొక్క వలయమునఁ జేరుదురు. ఒకతె చరణమెత్తఁగాఁ దక్కినవారు ‘ఉయ్యాలో’ యని యందుకొందురు. పల్లవి నిలుకడగా నుండును; చరణమునఁ బుట్టింటిపై బెంగకును, తీసికొనిపోవచ్చు నన్నకును, ఎవరి కష్టమునకైనను జోటుండును. పండుగ పేరు నిట్టిదే. ‘బ్రతుకు’లోని రేఫము లోపింపఁగా ‘బతుకు’; దానిని నామముగాఁ గొన్న జీవనమిచ్చు తల్లి, క్రియగాఁ గొన్న బ్రతుకుమని యాశీర్వాదము. నూఱుమంది కొడుకులఁ గోల్పోయిన ధర్మాంగదసత్యవతులు, పుట్టిన కూఁతునైన దక్కించుకొనఁగోరి యాపేరు పెట్టిరని స్త్రీలు చెప్పుకొను కథ రెండవ వ్యుత్పత్తినే సమర్థించును. తొమ్మిదవనాఁడు తంగేటిపూల బతుకమ్మను నీటవిడిచి, గట్టుమీఁదఁ గూర్చుండి సద్దులు పంచుకొందురు.